జీతమే అనాలంట

మార్కాపురం, కంభం రోడ్డు.
పలకల ఫ్యాక్టరీ రేకుల కింద ఇప్పుడు నేనొక్కదాన్నే.
మే నెల. ఫ్యాను తిరిగితే
మూలనున్న పలకపొడి లేచి
మళ్ళీ అక్కడే కూర్చుంటుంది.

మూతపడ్డ పదకొండేళ్ళకి కోర్టు ఇప్పించిన బకాయి
మార్చిలోనే పంచేశాం, అరవై మూడు మందికి.
ఇక పన్నులోళ్ళకి చెప్పటమే మిగిలింది:
ఎవరికి, ఎంత, ఏ పేరున.
గడువు ముప్పయ్యొకటి.

ఒంగోలు ఆడిటరుకి ఫోన్ చేసి అడిగా,
"వాళ్ళు మన ఉద్యోగులు కారు గదండీ,
జీతం కింద ఎట్టా రాయను?"
"జీతమే అనాలమ్మా.
మానేసినా, మాన్పించినా,
పాత యజమాని చేతినించి వస్తే జీతమే."

ఫోన్ పెట్టేశాక కాసేపు కీబోర్డు ముట్టుకోలేదు.
గేటుకి తాళం వేసిన రోజు
ఈ రేకుల కిందే నిలబడి
"మీకూ మాకూ చెల్లు" అన్నాడు ఓనరు.
చట్టం ఆ మాట వినలేదన్నమాట.

మస్తాన్‌బీ. చట్రాలు బిగించేది.
ఆధార్‌లో మస్తానమ్మ, పాన్ కార్డులో షేక్ మస్తాన్.
ముగ్గురూ ఒకరేనని
నాకు తెలుసు, ఆమె బొటనవేలి గోరు కింద నల్లమచ్చకి తెలుసు,
కంప్యూటరుకి తెలీదు.

తిరుపాలు, కోత మిషను.
ఆయన పేరున వేద్దామంటే ఆయన లేడు, ఊపిరాడక పోయాడు.
గాలెమ్మ పేరున వేద్దామంటే
ఆమె మన దగ్గర ఒక్కరోజూ పని చేయలేదు,
రోజూ మధ్యాహ్నం క్యారియర్ తేవటం తప్ప.
ఆడిటరు దీనికి మాత్రం
"రేపు చెప్తా" అన్నాడు.
ఆ రేపుకి ఇవాళ్టికి ఆరు రోజులు.

ఆలస్యానికి వడ్డీ ఉంది, దానిది వేరే ఫారం.
జీతం ఇరవై నాలుగు క్యూలో, వడ్డీ ఇరవై ఆరు క్యూలో.
పని చేసిందానికి ఒక కాయితం,
ఎదురు చూసిందానికి ఇంకోటి.
వీళ్ళ జీతానికి పన్ను పడలా,
ఎదురుచూపుకి పడింది.

ఖాసింపీరాకి పాన్ లేదు. ఇరవై శాతం పట్టాల్సి వచ్చింది,
పద్దెనిమిది వేల నాలుగొందల్లో
మూడువేల ఆరొందల ఎనభై.
ఎట్టా చెప్పాలా అని నేను నీళ్ళు నములుతుంటే
ఆయనే లెక్క కట్టాడు.
"ఐదింట్లో ఒకటి. పోన్లే తల్లీ,
లారీ ఎక్కించేటప్పుడు పలకలూ అట్టనే పగిలేవి."
తర్వాత దగ్గు.
నేను కుండ దగ్గరికెళ్ళి గ్లాసు నింపేదాకా ఆగలేదు.

మేస్త్రీ వీరబ్రహ్మానికి ఇప్పుడు సిమెంటు కొట్టుంది, పన్ను కట్టే మనిషి.
ఏ ఏడాది బకాయిని ఆ ఏడాదికి సర్ది చూపిస్తే
భారం తగ్గుద్ది, ఇంకో ఫారం ఉంది అన్నా.
"వెనక్కి పంపే దారుందా?
అయితే ఆ ఏడు పొదిలి సంతలో అమ్మిన
బర్రెను కూడా తోలకరా" అన్నాడు.
ఇద్దరం నవ్వాం. ఆయన ముందు ఆపేశాడు.

అరవై మూడో వరసలో
దేవరకొండ సుబ్బరత్నం, గుమాస్తా.
నా పేరు నేనే కొట్టుకున్నా, నా పాన్ నేనే సరిచూసుకున్నా,
నాకిచ్చింది జీతమేనని
నేనే ఒప్పుకుని సంతకానికి పంపాలి.
ఈ లెక్క రాస్తున్నందుకు రోజుకి నాలుగొందలిస్తున్నారు.
అది ఏ ఫారంలోకి వస్తదో
ఆడిటరుని అడగలా.

ప్రింటరు పాడై రెండేళ్ళు.
మొత్తాలు పలక మీద బలపంతో వేసుకున్నా,
అమ్ముడుపోని సరుకులోది, ఒక మూల విరిగింది.
బ్యాంకు చలానాకీ నా కూడికకీ
ఒక్క రూపాయి తేడా.

పొద్దు గూకింది.
వాచ్‌మన్ వచ్చి లైటు వేసి పోయాడు.
మస్తాన్‌బీ దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టా.